ట్రేడ్ ఫెయిర్‌లో ఏ రకం స్టాల్ తీసుకోవాలి? బుకింగ్ ముందు నుంచి చివరి రోజు దాకా

"హైటెక్స్‌లో ఎగ్జిబిషన్ ఉందండి, స్టాల్ తీసుకుందామనుకుంటున్నాం. తొమ్మిది మీటర్లు సరిపోతుందా? కార్నర్‌కి ఎక్కువ అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?"

చిన్న యూనిట్లు నడిపేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేవి ఈ రెండే. ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. ఎందుకంటే అంతకంటే ముందు తేలాల్సిన విషయం ఇంకొకటుంది. మీ స్టాల్‌కి వచ్చిన మనిషి అక్కడ ఏం చేయాలి? నడుస్తున్న యంత్రాన్ని చూడాలా, బట్ట చేత్తో పట్టుకుని చూడాలా, రుచి చూడాలా, కూర్చుని రేటు మాట్లాడాలా? ఇది తేలితే స్టాల్ రకం సగం తేలినట్టే. మిగతా సగం కొలతలు, కరెంటు, డబ్బు. ఆ వరసలోనే వెళ్దాం.

1. ఆర్గనైజర్‌కి ఫోన్ చేసే ముందు

ఫోన్ చేయగానే వాళ్లు ఫ్లోర్ ప్లాన్ పంపిస్తారు, "ఇక రెండే మిగిలాయి సార్" అంటారు. అక్కడి నుంచి మనం టెన్షన్‌లో నిర్ణయం తీసుకుంటాం. అందుకని ముందే ఒక కాగితం మీద ఇవి రాసుకోండి:

☐ వచ్చినవాళ్లతో చేయించాల్సిన ఒకే ఒక్క పని (డెమో చూడటం, తాకి చూడటం, రుచి, చర్చ)
☐ తీసుకెళ్లే వస్తువుల పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు
☐ స్టాల్‌లో ఒకేసారి నిలబడే మన మనుషులెంతమంది
☐ ఏ పరికరానికి ఎంత కరెంటు
☐ ఏడాదిలో ఎన్ని ఫెయిర్లకు వెళ్తారు
☐ మొత్తం ఎంత ఖర్చు పెట్టగలరు

మొదటి గడిలో రెండు మూడు పనులు రాయకండి. అన్నీ కావాలనుకున్న స్టాల్‌లో టేబుల్, యంత్రం, ర్యాక్, సోఫా అన్నీ ఇరుక్కుంటాయి, మనిషికి చోటుండదు.

2. ఏ రకం ఎవరికి

షెల్ స్టాల్: ఆర్గనైజరే అల్యూమినియం స్తంభాలు, తెల్ల ప్యానెళ్లతో కట్టి ఇచ్చేది. మన దగ్గర చాలామంది ఆక్టోనార్మ్ స్టాల్ అంటారు. ఎక్కువగా 3×3 మీటర్లు, అంటే 9 చదరపు మీటర్లు (మాటల్లో "9 మీటర్ల స్టాల్" అనేది దీన్నే), మన అడుగుల్లో 97 చదరపు అడుగులు. కార్పెట్, ఒక టేబుల్, రెండు కుర్చీలు, కొన్ని లైట్లు, ఒక ప్లగ్ పాయింట్, పైన పేరు రాసిన ఫేషియా వస్తాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు, బరువైన సరుకు లేనివాళ్లకు నా సలహా ఇదే.

మెరుగులు దిద్దిన షెల్: అదే షెల్ తీసుకుని లోపలి గోడలకు మన ప్రింట్లు, నాలుగు మంచి లైట్లు, మన కౌంటర్ పెట్టుకోవడం. పెట్టిన డబ్బుకి ఎక్కువ ఫలితం వచ్చేది ఇందులోనే. ఎందుకో గానీ చాలామంది ఈ దారి చూడకుండా సాదా షెల్‌లో కూర్చుంటారు, లేదా ఒక్కసారిగా చెక్క స్టాల్‌కి వెళ్లిపోతారు.

మడిచి తీసుకెళ్లే మాడ్యులర్ స్టాల్: అల్యూమినియం ఫ్రేములు, వాటికి తొడిగే ప్రింటెడ్ బట్ట. ఏడాదికి మూడు నాలుగు ఫెయిర్లకు వెళ్లేవాళ్లకు గిట్టుబాటు. ఒకటే జాగ్రత్త: కొన్న ఫ్రేమ్ 3 మీటర్ల గోడకే కాకుండా 6 మీటర్లకూ జతపడేలా ఉండాలి.

బేర్ స్పేస్: ఖాళీ నేల మాత్రమే ఇస్తారు. కార్పెట్ రాదు, లైటు రాదు, కరెంటు కూడా రాదు. ఫ్యాబ్రికేటర్‌ని పెట్టుకుని మనమే కట్టించుకోవాలి. డ్రాయింగులకు ఆర్గనైజర్ ఆమోదం కావాలి. సెటప్ రోజుల్లో వాడే కరెంటుకి చాలా చోట్ల విడిగా కట్టాలి. పక్క స్టాల్ వైపు కనిపించే మన గోడ వెనక భాగాన్నీ మనమే శుభ్రంగా ఫినిష్ చేయాలి. పెద్ద యంత్రాలున్నవాళ్లకు ఇది తప్పదు. మిగతావాళ్లు రెండుసార్లు షెల్‌లో చేసి, ఎక్కడ ఇబ్బంది పడ్డారో తెలుసుకున్నాక వెళ్లడం మంచిది.

పెవిలియన్‌లో భాగం: ప్రభుత్వ సంస్థ, ఎగుమతి మండలి, సంఘం పెద్ద స్థలం తీసుకుని సభ్యులకు చిన్న చిన్న స్టాళ్లుగా ఇస్తుంది. ఖర్చు తక్కువ. కాని పక్క స్టాల్‌లోనూ మీ సరుకే ఉండొచ్చు. గుంటూరు మిర్చి ఎగుమతి చేసేవాళ్లు వరసగా నలుగురు కూర్చుంటే కొనేవాడికి తేడా ఎలా తెలుస్తుంది? ఇలాంటి చోట మీ ప్రత్యేకత ఫేషియా కింద ఒక్క లైన్లో కనిపించాలి.

మైదానంలో జర్మన్ హ్యాంగర్: ఫ్రేముల మీద బట్ట కప్పి వేసే పెద్ద గుడారం. వ్యవసాయ ప్రదర్శనల్లో ఎక్కువ. దుమ్ము, ఎండ, గాలి లెక్కలో పెట్టుకోండి. తేలికపాటి స్టాండీలు (నిలబెట్టే బ్యానర్లు) గాలికి పడతాయి. బ్రోచర్ల మీద బరువు పెట్టాల్సిందే.

3. ఎంత స్థలం? అంచనా వద్దు, కొలవండి

ఉదాహరణకి మీది గానుగ నూనె యంత్రం అనుకుందాం. వెడల్పు 1.5 మీటర్లు, లోతు 1.2 మీటర్లు. వెనక గోడకి ఆనించి పెట్టినా, రెండు పక్కలా ముందూ 75 సెంటీమీటర్లయినా వదలాలి. నడుస్తున్న యంత్రం దగ్గర పిల్లలు, చీర కొంగులు ఉంటాయని మర్చిపోవద్దు. అంటే 3 మీటర్ల వెడల్పు, 1.95 మీటర్ల లోతు యంత్రానికే పోయింది: 5.85 చదరపు మీటర్లు.

9 మీటర్ల స్టాల్‌లో ఇక మిగిలింది 3.15. ఒక టేబుల్, ఒక మనిషి. వచ్చినవాళ్లు నడిచే దారిలో నిలబడాలి, వాళ్ల వెనక వచ్చేవాళ్లు తోసుకుంటూ వెళ్తారు. ఈ యంత్రానికి కనీసం 12, వీలైతే 18 తీసుకోవాలి. లేదా యంత్రాన్ని ఇంటి దగ్గరే ఉంచి, చిన్న మోడల్, వీడియో, మూడు సీసాల నూనెతో 9లో హాయిగా కూర్చోవాలి. రెండూ సరైన నిర్ణయాలే. పెద్ద యంత్రాన్ని 9లో ఇరికించడం ఒక్కటే తప్పు.

మనుషుల విషయంలో నేను పెట్టుకున్న లెక్క: సామాన్లు పోగా మిగిలిన స్థలంలో మన మనిషి ఒక్కరికి నాలుగున్నర చదరపు మీటర్లు. అందులో అతనూ, ఎదురుగా మాట్లాడే ఇద్దరు ముగ్గురూ పడతారు.

ఇంట్లోనో ఫ్యాక్టరీలోనో నేల మీద టేపుతో 3×3 గీయండి. టేబుల్ పెట్టండి, ఇద్దర్ని నిలబెట్టండి, ఇంకో ముగ్గుర్ని లోపలికి రమ్మనండి. పది నిమిషాల పని ఇది. లేఅవుట్ బొమ్మ చూస్తే తెలియనిది ఇక్కడ తెలిసిపోతుంది.

4. ఎన్ని వైపులు తెరిచి ఉండాలి

కార్నర్ అంటే మంచిదే అన్న నమ్మకం మనలో గట్టిగా ఉంది. దానికి అదనంగా కట్టేముందు ఈ లెక్క చూడండి. ఒకవైపు తెరిచిన 3×3 స్టాల్‌లో మీకు 9 మీటర్ల గోడ ఉంటుంది. రెండువైపులా తెరిచి ఉండే కార్నర్‌లో 6 మీటర్లే. మూడువైపులా తెరిస్తే 3 మీటర్లే.

చీరలు, బట్టలు, టైల్స్, హార్డ్‌వేర్ లాంటి గోడకి వేలాడే సరుకుకి గోడే షాపు. పోచంపల్లి, మంగళగిరి నేత సరుకుతో వెళ్లేవాళ్లు కార్నర్ డబ్బు మిగుల్చుకుని, దాన్ని లైట్ల మీద పెట్టడం మేలు. పసుపు లైటు కింద చీర అసలు రంగు తెలియదు. కొనేవాళ్లు దాన్ని పట్టుకుని బయటి వెలుతురు కోసం వెతుక్కుంటారు. తెల్లటి లైటు పెట్టించండి.

నడిచే యంత్రం, డెమో, రుచి చూపించడం అయితే కార్నర్ డబ్బు దండగ కాదు. జనం రెండు వైపుల నుంచి గుమిగూడగలుగుతారు.

కూర్చుని ఆర్డర్లు మాట్లాడే వ్యాపారానికి ఒకవైపు స్టాలే నయం, నిశ్శబ్దంగా ఉంటుంది. నాలుగువైపులా తెరిచిన ఐలాండ్‌కి వెళ్లాలంటే నాలుగు వైపులా మనుషులను నిలబెట్టగలగాలి.

5. ఫ్లోర్ ప్లాన్ చదవడం

ఒకసారి నేను ప్లాన్‌లో చిన్న నల్ల చుక్కని పట్టించుకోలేదు. సెటప్ రోజు వెళ్లి చూస్తే అది రెండడుగుల పైన మందమున్న స్తంభం. సరిగ్గా మా టేబుల్ రావాల్సిన చోట ఉంది. అప్పుడు మార్చుకునే దారి లేదు. ఆ మూడు రోజులూ స్తంభానికి ఫ్లెక్స్ చుట్టి నెట్టుకొచ్చాం. అప్పటినుంచి ప్రతి గుర్తుకీ అర్థం అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకుంటున్నాను.

☐ స్తంభాలు, ఫైర్ హోస్ బాక్సులు ఎక్కడ (వాటికి అడ్డం పెట్టనివ్వరు)
☐ ప్రవేశం ఎటు, బయటికి దారి ఎటు
☐ పక్కన, ఎదురుగా ఎవరు. వాళ్లు ఎంత ఎత్తు కడుతున్నారు
☐ స్టేజీ, మైకు దగ్గరా (దగ్గరైతే మాట వినపడదు)
☐ సరుకు దింపే గేటు నుంచి స్టాల్ దాకా యంత్రం పట్టే దారి ఉందా
☐ హాల్ చివర, దారి ఆగిపోయే చోటా

సరిగ్గా ప్రవేశద్వారం ఎదుటి స్టాల్ అందరికీ కావాలి. నాకు అంత ఇష్టం లేదు. లోపలికి వచ్చేవాళ్లు అప్పుడే బ్యాడ్జీ మెడలో వేసుకుంటూ, ఎటు వెళ్లాలా అని చూస్తూ మన ముందు నుంచి దాటిపోతారు. రెండు మూడు వరసలు లోపలికి ఉంటేనే ఆగుతారు.

6. కరెంటు: ఎక్కువ స్టాళ్లు దెబ్బతినేది ఇక్కడే

షెల్‌తో వచ్చే 5 ఆంపియర్ల పాయింట్ 230 వోల్టుల మీద లెక్కవేస్తే 1,150 వాట్ల దాకానే. ఆర్గనైజర్ ఇచ్చేది ఇంకా తక్కువ ఉండొచ్చు. పచ్చళ్లు రుచి చూపించడానికి 700 వాట్ల రైస్ కుక్కర్ పెడితే సరే. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్ పెడితే ట్రిప్ అవుతుంది, పక్కవాళ్ల లైట్లూ పోవచ్చు. హాల్లో గ్యాస్ సిలిండర్‌కి సాధారణంగా అనుమతి ఉండదు కాబట్టి ఎక్కువ లోడ్ ముందే అడిగి తీసుకోవాలి.

మోటార్లకు హెచ్‌పీని 0.75తో గుణిస్తే కిలోవాట్లు వస్తాయి. 3 హెచ్‌పీ అంటే దాదాపు 2.2. స్టార్టింగ్‌లో ఇంకా లాగుతుంది, కొంచెం ఎక్కువే రాయించండి. త్రీ ఫేజా సింగిల్ ఫేజా అన్నది ఫారంలో స్పష్టంగా రాయాలి.

త్రీ ఫేజ్ యంత్రం తెచ్చేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. సెటప్ రాత్రి హడావుడిలో ఎలక్ట్రీషియన్ కనెక్షన్ ఇచ్చి వెళ్లిపోతాడు. ఫేజులు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. గింజలు వేయకముందే, వీలైతే బెల్టు తీసి, ఒక్క సెకను ఆన్ చేసి తిరిగే దిక్కు చూడండి. తప్పుగా తిరిగితే ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి ఏవైనా రెండు ఫేజ్ వైర్లు అటూ ఇటూ మారిస్తే చాలు. చూసుకోకుండా సరుకు వేశారో, ప్రారంభోత్సవం వేళకి యంత్రం విప్పుకుని కూర్చుంటారు.

ఫ్రిజ్ ఉంటే 24 గంటల సప్లై విడిగా అడగండి. సాయంత్రం హాల్ మూయగానే చాలా చోట్ల స్టాళ్లకు కరెంటు ఆపేస్తారు.

7. గోడల మీద బొమ్మలు, అక్షరాలు

షెల్ ప్యానెల్ దాదాపు మీటరు వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు. స్తంభాల మధ్య కనిపించేది మాత్రం 95 సెంటీమీటర్ల దగ్గరే. డిజైనర్‌కి "గోడ 3 మీటర్లు" అని చెబితే అతను మూడు మీటర్ల ఒకే బొమ్మ చేస్తాడు. అతికించేటప్పుడు కంపెనీ పేరులో ఒక అక్షరం సరిగ్గా స్తంభం మీద పడుతుంది.

దీనికి రెండు మార్గాలున్నాయి. మూడు ప్యానెళ్లకు మూడు విడి డిజైన్లు చేయించండి, లేదా స్తంభాలను కూడా కప్పేలా ఫ్రేముకి బిగించిన ఫ్లెక్స్ పెట్టండి. ఏదైనా, ప్రింటుకి ఇచ్చే ముందు ప్యానెల్ కచ్చితమైన కొలత ఆర్గనైజర్ దగ్గర తీసుకోండి.

చదవాల్సిన అక్షరాలు నడుము పైన ఉండాలి. కింద రాసింది టేబుల్ వెనక దాగిపోతుంది. ప్యానెళ్లకు మేకులు కొట్టకూడదు, పాడైతే డబ్బులు కట్టించుకుంటారు. రెండువైపుల అంటుకునే టేపు, పై దూలానికి తగిలించే గొలుసులు తీసుకెళ్లండి.

ఫేషియా మీద పేరు ఎలా రావాలో అక్షరాలు సరిచూసి పంపండి. గడువు దాటితే బుకింగ్ ఫారంలో ఉన్నదే రాసేస్తారు, "ప్రైవేట్ లిమిటెడ్"తో సహా.

8. డబ్బు లెక్క

స్టాల్ అద్దె మొత్తం ఖర్చులో మూడో వంతు అనుకుని మొదలుపెట్టండి. అద్దె లక్ష అయితే మూడు లక్షలు చేతిలో ఉండాలి. ప్రింటింగ్, ఫర్నిచర్, అదనపు కరెంటు, రవాణా, మనుషుల బస, భోజనాలు, శాంపిళ్లు అన్నీ అందులోనే. అంత లేకపోతే స్టాల్ సైజు తగ్గించండి. 18 మీటర్లు తీసుకుని ఖాళీ గోడలతో కూర్చోవడం కంటే నిండుగా ఉన్న 9 మేలు.

అద్దె మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. రెగ్యులర్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు (ఇక్కడ కట్టిన పన్నును తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడం), కాబట్టి బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు సరిగ్గా ఉండాలి. కాంపొజిషన్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు, అది అసలు ఖర్చే.

ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న యూనిట్లకు కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ ప్రొక్యూర్‌మెంట్ అండ్ మార్కెటింగ్ సపోర్ట్ పథకం కింద స్టాల్ అద్దెలో కొంత తిరిగి ఇస్తారు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ యజమానులకు వాటా ఎక్కువ. అన్ని ఫెయిర్లకూ వర్తించదు. అందుకే డబ్బు కట్టకముందే ఎంఎస్ఎంఈ డెవలప్‌మెంట్ ఆఫీసులో అడగండి, హైదరాబాద్‌లో అది బాలానగర్‌లో ఉంది.

9. విదేశీ ఫెయిర్ అయితే

మొదటిసారి దుబాయ్‌లో జరిగే ఆహార ఫెయిర్ గల్ఫుడ్ లాంటి చోటికి వెళ్లే ఆహార ఎగుమతిదారులు అపెడా (వ్యవసాయ, ఆహార ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) వంటి సంస్థల భారత పెవిలియన్‌లో చోటు అడగడం మంచిది. సొంతంగా వెళ్తే కట్టేవాళ్లను అక్కడే వెతుక్కోవాలి.

ప్రదర్శించి వెనక్కి తెచ్చే యంత్రాలకు ఏటీఏ కార్నెట్ ఉంటుంది, అంటే సుంకం కట్టకుండా తాత్కాలికంగా తీసుకెళ్లే కస్టమ్స్ పత్రం. మన దేశంలో వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది. పంచిపెట్టే శాంపిళ్లకు అది పనికిరాదు. అమెరికాలో అయితే సరుకును గేటు నుంచి స్టాల్‌కి చేర్చడానికి బరువుని బట్టి డ్రేయేజ్ అని విడిగా వసూలు చేస్తారు. అక్కడ బరువైన చెక్క స్టాల్ కంటే బట్ట ఫ్రేములదే లాభం. కరెంటు కూడా మామూలుగా 120 వోల్టులు, మన అడాప్టర్లు చూసుకోవాలి.

10. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

టేబుల్‌ని ముందు అడ్డంగా వేసి వెనక కుర్చీలో కూర్చోవడం. ఇది అన్నిటికంటే ఎక్కువ చూస్తాను. టేబుల్‌ని పక్క గోడకి జరపండి, ముందు వైపు తెరిచి ఉంచండి. అరగంటలో తేడా కనిపిస్తుంది.

స్టాండీలు రెండూ ముందు మూలల్లో పెట్టడం. అవి తలుపుల్లా అడ్డం నిలుస్తాయి. ఒకటి లోపలికి, ఒకటి తీసేయండి.

ఖాళీ అట్టపెట్టెలకు చోటు ఆలోచించకపోవడం. టేబుల్‌కి నేల దాకా గుడ్డ వేస్తే కింద స్టోర్ రూమ్ దొరికినట్టే.

ఫ్యాబ్రికేటర్‌కి మాట మీద పని అప్పగించడం. కార్పెట్ రంగు, ప్లగ్గులెన్ని, ఎన్ని గంటలకు అప్పగిస్తారు, విప్పడం ఎవరి పని అన్నీ కాగితం మీద ఉండాలి. చివరి పేమెంట్ స్టాల్ చేతికొచ్చాకే.

11. సంతకం పెట్టే ముందు

☐ స్టాల్ కొలత, తెరిచి ఉండే వైపులు, స్టాల్ నంబరు ఫారంలో ఉన్నాయి
☐ అద్దెలో వచ్చేవి, రానివి జాబితాగా తీసుకున్నాం
☐ కరెంటు లోడ్, ఫేజు, 24 గంటల సప్లై రాయించాం
☐ స్తంభం, హోస్ బాక్సు లేవని మెయిల్ వచ్చింది
☐ ఎక్కువలో ఎక్కువ ఎంత ఎత్తు కట్టొచ్చో, నేల ఎంత బరువు మోస్తుందో తెలుసు
☐ రద్దు చేస్తే ఎంత తిరిగొస్తుందో చదివాం
☐ సెటప్, విప్పే సమయాలు తెలుసు
☐ సరుకు వెంట వెళ్లే డెలివరీ చలాన్, అవసరమైతే ఈ-వే బిల్లు సిద్ధం

12. చివరి రోజు

మూడింటికే సర్దడం మొదలుపెట్టకండి. హడావుడి తగ్గాక మాట్లాడదామని అసలు కొనేవాళ్లు కొందరు ఆ వేళకే వస్తారు. బయటికి వెళ్లే గేట్ పాస్ మాత్రం మధ్యాహ్నమే తీసి పెట్టుకోండి, సాయంత్రం క్యూ పొడవుగా ఉంటుంది.

చాలా ఫెయిర్లలో వచ్చే ఏడాది స్టాళ్ల బుకింగ్ అక్కడే మొదలవుతుంది. ఆ ఫారం నింపే ముందు, ఫెయిర్ జరుగుతున్న రోజుల్లోనే పన్నెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి హాల్ అంతా తిరగండి. జనం ఎక్కడ నడుస్తున్నారో కాదు, ఎక్కడ ఆగి నిలబడుతున్నారో చూసి, ఆ స్టాల్ నంబర్లు ప్లాన్ మీద పెన్నుతో చుట్టండి. వచ్చే ఏడాదికి మీరు అడగాల్సినవి ఆ నంబర్లే.